బస్సులో పక్క సీటమ్మాయి

పోయిన వారం మనం పిచ్చుకను ఆడిటోరియం మెట్ల దగ్గర వదిలేసి వచ్చాం, అన్న మాట వెనక్కి తీసుకోలేక నోరు తెరుచుకుని నిలబడిపోయిన చోట. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు కదులుదాం.

పిచ్చుక ఆ పిల్ల అసలు పేరు కాదు. ఇంట్లో అందరికన్నా చిన్నది, అందరికన్నా ఎక్కువ వాగేది కనక పెదనాన్న పెట్టిన పేరు. నాన్న పోయాక అమ్మ దూరపు ఊళ్ళో ఆస్పత్రిలో నర్సుగా చేరింది. పిచ్చుక పెదనాన్న ఇంట్లోనే పెరిగింది. పెదనాన్న బస్సు డ్రైవరు. ఆయనకు ఒక్కతే కూతురు, పిచ్చుక కన్నా కొద్ది నెలలే పెద్ద. నెలలైతేనేం, అక్క అక్కే. ఒకే మంచం, ఒకే దువ్వెన, ఒకరి జ్వరం ఇంకొకరికి. ఇప్పుడు ఒకే యూనివర్సిటీ. పిచ్చుకకు కోరుకున్న జర్నలిజంలో సీటొచ్చింది. అక్క లెక్కల్లో చేరింది. ఇంకెక్కడా రాక తన వెనకే వచ్చిందని పిచ్చుక అనుకుంటోంది.

కొత్తవాళ్ళకు వెల్‌కం వీక్ నడుస్తోంది. అందులో భాగంగా ఆడిటోరియంలో పరిచయాల ఆట పెట్టారు. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని తమ గురించి ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఒకడు తను అడవిలో తప్పిపోయానన్నాడు. ఒకమ్మాయి మూడు భాషల్లో కల కంటానంది. అక్క వంతు వచ్చింది. "మా నాన్న బస్సు డ్రైవరు. బస్సు టైరు నేనొక్కదాన్నే విప్పి బిగించగలను. ఎవరి బండి ఆగిపోయినా నన్ను పిలవండి," అంది, ఇంట్లో చెప్పినంత మామూలుగా. వెనక వరసలోంచి ఎవడో "రైట్ రైట్!" అని అరిచాడు. హాలంతా అందుకుంది.

బయటికొచ్చాక, పిచ్చుక గదిలో ఉండే అమ్మాయి అడిగింది. ఎప్పుడూ మెళ్ళో కెమెరా వేలాడేసుకుని తిరుగుతుంది కనక ఆమెకు 'కెమెరా' అనే పేరే స్థిరపడింది. "ఆ బస్సమ్మాయి నీకు తెలుసా? మొదటిరోజు నీతోనే దిగింది కదా?"

"లేదు. బస్సులో నా పక్క సీట్లో కూర్చుందంతే. ఎవరో నాకు తెలీదు," అంది పిచ్చుక.

వెనక్కి తిరిగితే అక్క. రెండు చేతుల్లో రెండు టీ కప్పులు. ఒకటి పిట్టగోడ మీద పెట్టి వెళ్ళిపోయింది.

అక్కడ ఆగాం.

*

మర్నాడు పొద్దున్న పిచ్చుక తలుపు ఎవరూ కొట్టలేదు.

వచ్చిన దగ్గర్నుంచీ రోజూ కొట్టేది అక్కే. వేరే బ్లాకు నుంచి చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి, "లేస్తావా, నీళ్ళు పొయ్యనా?" అని బయటి నుంచే అరిచేది. కెమెరా లేచి చిరాగ్గా చూసేది. "ఎవరో గది తప్పొచ్చినట్టున్నారు," అని పిచ్చుక దుప్పటి ముసుగు తన్నేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ అబద్ధం మెట్ల దగ్గర పుట్టింది కాదని తెలుస్తోంది. మొదటి పొద్దు నుంచే కొద్దికొద్దిగా మొదలైంది.

ఫోన్ చేసింది. రింగయి రింగయి ఆగిపోయింది. 'సారీ అక్కా' అని టైపు చేసింది. చూస్తే మరీ చిన్నగా, బస్సులో ఎవరి కాలో తొక్కినప్పుడు చెప్పే మాటలా ఉంది. చెరిపేసింది. పెద్దగా రాయబోయింది. రాస్తున్నకొద్దీ తన తప్పు తగ్గి కనిపించేలా వాక్యాలు వాటంతటవే వంగిపోతున్నాయి. అదీ చెరిపేసింది.

"ఏంటి, మొహం అలా ఉంది? ఇల్లు గుర్తొచ్చిందా?" అంది కెమెరా జుట్టు దువ్వుకుంటూ.

"అదే అనుకుంటా."

"నాక్కూడా. నిన్న బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఎవరికీ చెప్పకు," అంది కెమెరా. వెంటనే ఫోన్ ఎత్తి, కిటికీ వెలుతురులో పళ్ళన్నీ కనపడేలా నవ్వి, ఒక ఫొటో తీసుకుంది.

గుర్తింపు కార్డు ఫొటోల కోసం వరస పరిపాలనా భవనం చుట్టూ తిరిగి తోట దాకా వెళ్ళింది. ఇంటి దగ్గర పిచ్చుక ఊహించుకున్న వెల్‌కం వీక్‌లో ఇలాంటి వరసలు లేవు. చెట్టు కింద గుండ్రంగా కూర్చుని నవ్వుకునే గుంపు ఉండేది, ఆ గుంపు మధ్యలో తను ఉండేది. వచ్చి చూస్తే సగం రోజు వరసల్లోనే గడిచిపోతోంది. మిగతా సగం ఏ భవనం ఎక్కడుందో వెతుక్కోవడానికి చాలడంలేదు. అడిగినవాళ్ళనే మళ్ళీ అడగడం, చెప్పిన పేర్లు మర్చిపోవడం, భోజనాల హాల్లో పళ్ళెం పట్టుకుని ఖాళీ కుర్చీ కోసం కాదు, 'ఇక్కడ కూర్చో' అనే ఒక్క మొహం కోసం వెతకడం. మొదటి రెండు రోజులూ ఆ మొహం అక్కది. చెయ్యి ఎత్తి, బస్టాండులో పిలిచినట్టు పిలిచేది. పిచ్చుక చూడనట్టు నటించి కెమెరా పక్కన కూర్చునేది.

వరస పక్కన పసుపు టీషర్టు వేసుకున్న సీనియరు ఒకడు అందరికీ మంచినీళ్ళ సీసాలు పంచుతున్నాడు. కొత్తవాళ్ళకు దారి చూపించడం వాళ్ళ పని. పిచ్చుకకు సీసా ఇచ్చి, ఆగాడు.

"ఏమ్మా, జబ్బు చేసిందా?"

"లేదన్నా."

"మరి ఆ మొహంతో ఫొటో దిగితే చదువైపోయేదాకా దొంగతనం చేసి దొరికిపోయినట్టుంటుంది. ఆ కార్డు మార్చరు."

పిచ్చుకకు నవ్వు రాలేదు. ఏం తోచిందో, అడిగేసింది. "అన్నా, ఈ వారంలో అందరూ నిజమే చెప్తారా?"

అతను గట్టిగా నవ్వాడు. "ఈ వారంలోనా? ఒక్కడూ చెప్పడు. నా సంగతి చెప్పనా? మొదటేడు నేను గిటారు వాయిస్తానని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. పక్కవాడు ఏదో వాయిస్తానన్నాడు, నేనూ అన్నాను. ఇప్పటికీ ఏ పార్టీ అయినా నన్నే వాయించమంటారు, ఇప్పటికీ వేలు బెణికిందని తప్పించుకుంటున్నా. ఒక్క నిమిషం గొప్పకు ఇన్నేళ్ళ కాపలా." సీసాల పెట్టె భుజానికెత్తుకుని, వెళ్తూ వెళ్తూ అన్నాడు, "కానీ అది నా వేలితో పోయింది. నీది ఇంకొకరికి తగిలే అబద్ధమైతే మాత్రం కాపలా కాయకు. ఇవాళే వెళ్ళి చెప్పేసెయ్."

అతను సరదాగానే అన్నాడు. పిచ్చుకకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తన వంతు రావడానికి ఇంకా ఇద్దరే ఉన్నారు. వరస వదిలేసి అక్క బ్లాకు వైపు నడిచింది.

*

అక్క గదిలో లేదు. "కింద బట్టలుతికే గదిలో ఉంటుంది. పొద్దుటి నుంచీ అక్కడే," అంది ఆమె గదిలో ఉండే అమ్మాయి.

హాస్టలు కింది అంతస్తులో, గోడ పొడుగునా ఉతికే మిషన్లు, ఎదురుగా ఆరబెట్టే మిషన్లు. సబ్బు వాసన, ఉక్క. అక్క ఒక్కతే ఉంది. ఆరబెట్టే మిషనులోంచి దుప్పటి బయటికి లాగుతోంది.

"అక్కా."

"ఊఁ."

"ఫోన్ ఎత్తలేదేం?"

"ఈ మోతలో ఏం వినపడుతుంది? ఆ కొస పట్టుకో."

పిచ్చుక దుప్పటి కొస పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ వాళ్ళిద్దరూ కలిసి మడతపెట్టేవాళ్ళే. ఒకరు ఇటు, ఒకరు అటు. రెండుసార్లు దులిపి, సగానికి మడిచి, ఒకరి దగ్గరికి ఒకరు నడవాలి. చేతులు అలవాటుగా పని చేస్తున్నాయి. దగ్గరికొచ్చినప్పుడు మాత్రం పిచ్చుక తలెత్తి అక్క మొహం చూడలేకపోయింది.

"తప్పయిపోయింది అక్కా. నోరు జారింది."

"జారలేదు." అక్క గొంతులో కోపం లేదు. "జారితే సగం మాటొస్తుంది. నువ్వు మొత్తం చెప్పావు. పక్క సీటు అని కూడా చెప్పావు."

పిచ్చుక తన చేతిలోని దుప్పటి కొసను నలిపింది.

"తిట్టక్కా. నాలుగు కొట్టు. నువ్విలా మాట్లాడుతుంటే నేను భరించలేను."

"నువ్వు భరించడం కోసం ఇప్పుడు నేను నిన్ను కొట్టాలా?" అక్క దుప్పటి లాక్కుని మిగతా మడతలు తనే వేసుకుంది. "చూడు. నిన్న నాకు ఏడుపొచ్చింది. రాలేదని చెప్పను. వాళ్ళు రైట్ రైట్ అంటే నవ్వుకున్నాను, నాన్న వింటే ఆయనా నవ్వుతాడు. కానీ నువ్వు... టీ కప్పులు చేతుల్లో లేకపోతే ఏం చేసేదాన్నో. గదికొచ్చి ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఆగాక ఒక వింత జరిగింది. తేలిగ్గా అనిపించింది."

"తేలిగ్గానా?"

"నేనెవరో నీకు తెలీదన్నావు కదా. అయితే నువ్వు తిన్నావో లేదో చూడ్డం నా పని కాదు. పొద్దున్నే నిన్ను లేపడం నా పని కాదు. ఇంట్లో ఫోన్ చేసి పిచ్చుక బాగానే ఉంది అని చెప్పడం నా పని కాదు. మొట్టమొదటిసారి నేనొక్కదాన్నే ఉన్నట్టనిపించింది. ఎంత బాగుందో నీకు చెప్తే బాధపడతావు."

పిచ్చుక బాధపడింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ దుప్పటి వైపే చూస్తూ నిలబడింది. నీలం చారల దుప్పటి. మూలన హాస్టలు ముద్ర. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న సొంత దుప్పటి ఉండగా, మంచం మీద వాడని ఈ దుప్పటిని అక్క ఎందుకు ఉతికింది?

"ఇది హాస్టలుది కదా?"

"ఖాళీ చేసేవాళ్ళు ఉతికి ఇవ్వాలట."

"ఎవరు ఖాళీ చేస్తున్నారు?"

అక్క మడతపెట్టిన దుప్పటిని గుండెలకు ఆనించుకుంది. అదే జవాబు.

పిచ్చుక పక్కనున్న బల్ల మీద కూలబడింది. "నా వల్ల చదువు మానేస్తావా? అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను..."

"మానెయ్యడం కాదే. మొదలుపెడతాను." అక్క వచ్చి పక్కనే కూర్చుంది. మడత దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, దాని అంచులు సర్దుతూ చెప్పింది. "నాకు వేరే చోట సీటొచ్చింది. ఇంజన్ల కాలేజీ. బండ్లూ, లారీలూ, పెద్ద పెద్ద మోటార్లూ అన్నీ విప్పి నేర్పిస్తారు. ఇక్కడికి చాలా దూరం."

"ఎక్కడా రాలేదని..."

"నాన్న చెప్పాడు. నేనూరుకున్నాను. నీకు సీటొచ్చిన రోజు గుర్తుందా? వీధిలో ప్రతి గడపా ఎక్కి చెప్పడానికి వెళ్ళావు. నువ్వు తిరిగొచ్చేలోపు మా ఇద్దరి మాటలూ అయిపోయాయి. 'ఇద్దరూ ఒకే చోటయితే పంపిస్తాను. చెరో దిక్కు అంటే ఇద్దరూ ఇంట్లోనే ఉండండి. తండ్రి లేని పిల్లను ఒంటరిగా పంపితే మీ పిన్నికి నేనేం చెప్పాలి?' అన్నాడు. నీకు ఇదొక్కటే వచ్చింది. నాకు రెండు చోట్లా వచ్చింది. ఇంకేముంది ఆలోచించడానికి?"

మిషను ఒకటి గిరగిరా తిరిగి ఆగింది. లోపలున్న ఎవరిదో చొక్కా గుండీ టక్కుమని గాజుకు తగిలింది.

పిచ్చుకకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. తన సీటు గురించి ఊరంతా చెప్పి వచ్చినప్పుడు అక్క గట్టిగా కావలించుకుంది. ప్రయాణంలో కిటికీ సీటు తనకే ఇచ్చింది. దిగాక బరువైన సంచీ తనే మోసింది. 'నా వెనక తోకలా వచ్చింది' అని మనసులో ఎన్నిసార్లు విసుక్కుంది తను!

"నిన్న సాయంత్రం ఆ కాలేజీవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు," అంది అక్క. "సీటు ఇంకా ఖాళీగానే ఉందట. వస్తానన్నాను. ఇవాళ సాయంత్రం లోపల ఖాయం చెయ్యాలి. మధ్యాహ్నం ఎలాగూ అమ్మానాన్నలను పిలిచారు కదా ఇక్కడ, నాన్న వస్తాడు. అప్పుడు చెప్తాను. నువ్వు నాకొక్క సాయం చెయ్యాలి."

"ఏదైనా చేస్తాను."

"నా తోడు నీకక్కర్లేదని నాన్నకు చెప్పు. నువ్వు ఒక్కదానివే ఉండగలవని చెప్పు. నిన్న ఎంత తేలిగ్గా చెప్పావో అలా."

ఇక్కడొక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ క్షణంలో పిచ్చుక మనసులోకి మొట్టమొదట వచ్చిన ఆలోచన అక్క గురించి కాదు. అక్క వెళ్ళిపోతే భోజనాల హాల్లో చెయ్యి ఎత్తి పిలిచేవాళ్ళు ఉండరు కదా అని. పెదనాన్న ఒప్పుకోకపోతే తన సీటూ పోతుంది కదా అని. ఆ తరవాతే అక్క మొహం కనిపించింది. ఆ ఆలోచనల వరస పిచ్చుకకు తెలిసిపోయింది. నిన్నటి సిగ్గు కన్నా ఈ సిగ్గు పెద్దది. నిన్నటిదైతే ఇద్దరు విన్నారు. దీన్ని విన్నది తనొక్కతే.

"చెప్తాను," అంది.

*

మధ్యాహ్నం లైబ్రరీ ముందున్న పచ్చికలో తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు వేశారు. టీ, బిస్కెట్లు, కొత్త చొక్కాలు వేసుకున్న తండ్రులు, గడ్డిలో చెప్పులు దిగబడుతుంటే జాగ్రత్తగా నడుస్తున్న తల్లులు. ప్రతి కుటుంబంలోనూ ఒక పిల్లో పిల్లాడో, ఇన్ని రోజులూ బిగబట్టిన నవ్వు వదిలేసి, అమ్మ భుజం మీద తల ఆనించి కనిపిస్తున్నారు.

"పిచ్చుకా!"

పచ్చికంతా వినపడింది ఆ గొంతు. రోడ్డు మోతలో అరిచి అరిచి అలవాటైన గొంతు. పెదనాన్న డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు. ఒంటి మీద డ్యూటీ చొక్కా, జేబుకు నంబరు బిళ్ళ, చంకలో పాత తలగడ. పూల గలేబు తొడిగిన ఆ తలగడ పిచ్చుకదే.

"ఇది మర్చిపోయి వచ్చావే. ఇది లేకపోతే నీకు నిద్ర పట్టదని మీ పెద్దమ్మ నా ప్రాణం తీసింది. బస్సులో అందరూ నన్నే చూశారు," అంటూ దాన్ని ఆమె చేతుల్లో పెట్టాడు. ఇద్దరి తలలూ చెరో చేత్తో నిమిరాడు. "చిక్కిపోయారు. తినడంలేదా? ఏమ్మా, చెల్లెల్ని చూసుకుంటున్నావా?"

"ఆఁ నాన్నా," అంది అక్క. పిచ్చుక వైపు చూసింది. ఇప్పుడే అన్నట్టు.

పిచ్చుక తలగడను గుండెలకు అదుముకుని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే కెమెరా వచ్చిపడింది.

"పిచ్చుకా? నీ పేరు పిచ్చుకా? నాకెందుకు చెప్పలేదు, ఎంత బాగుందో! అంకుల్, నమస్తే, నేను మీ అమ్మాయి రూమ్మేట్‌ని. ఒక్క ఫొటో, అందరూ దగ్గరికి రండి." కెమెరా కన్ను దగ్గర పెట్టుకుని, అంతలోనే దించింది. "అరే, నువ్వు బస్సులో ఈమె పక్క సీట్లో కూర్చున్న అమ్మాయివి కదా? నువ్వూ వీళ్ళతో ఉన్నావేంటి?"

ఆ పిల్లకు పాపం పుణ్యం తెలీదు. విన్నదే అంది.

పెదనాన్న నవ్వాడు. "పక్క సీటేంటమ్మా? ఇది మా పెద్దది. వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళు."

"కానీ నిన్న తను..." కెమెరా పిచ్చుక మొహం చూసి ఆగిపోయింది.

పెదనాన్న కూడా పిచ్చుక మొహం చూశాడు. బండి నడిపేవాడి చూపు. ఎదురుగా వస్తున్నది లారీయో కారో మలుపులోనే పసిగట్టేస్తాడు. "నిన్న ఏం జరిగింది?"

"ఏం లేదు నాన్నా," అంది అక్క.

"నిన్ను అడగలేదు."

అక్క చెప్పిన 'ఏం లేదు' వెనక దాక్కుని బతికిపోవచ్చు. ఆ దారి తెరుచుకునే ఉంది. ఇన్నేళ్ళూ పగిలిన గ్లాసుల దగ్గర్నుంచీ తప్పిన పరీక్షల దాకా పిచ్చుక ఆ వెనకే దాక్కుంది.

"అక్కెవరో నాకు తెలీదని చెప్పాను పెదనాన్నా," అంది. "అక్క నీ ఉద్యోగం గురించి చెప్తే అందరూ నవ్వారు. నన్ను అడిగితే, బస్సులో పక్క సీటని చెప్పాను. అక్క నా వెనకే ఉంది. విన్నది."

కెమెరా మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేసింది. పక్క బల్ల దగ్గర ఎవరో టీలో చక్కెర లేదని నవ్వుతున్నారు.

పెదనాన్న జేబు మీది బిళ్ళను తెలియకుండానే చేత్తో తడుముకున్నాడు. "నా గురించి సిగ్గుపడ్డావా?"

"ఆ ఒక్క నిమిషం పడ్డాను. అప్పట్నుంచీ నన్ను చూసుకుని పడుతున్నాను."

"ఊఁ," అన్నాడాయన. "ఈ మాట నాతో ఎందుకు చెప్పావు? మీ అక్క కాసుకునేదిగా."

"అక్క ఇక కాసుకోకూడదు పెదనాన్నా. అక్కకు ఆ ఇంజన్ల కాలేజీకి వెళ్ళాలనుంది. నాకిప్పుడే తెలిసింది. తనను పంపించు."

ఆయన గబుక్కున కూతురి వైపు తిరిగాడు. అక్క తల దించుకోలేదు. "అవును నాన్నా. వెళ్తాను."

"వెళ్తావు సరే." మళ్ళీ పిచ్చుక వైపు తిరిగాడు. "నువ్వు? మీ అమ్మకు నేనిచ్చిన మాటుంది. నా మొహం చూసి నిజం చెప్పు. మీ అక్క లేకుండా ఇక్కడ ఉండగలవా?"

ఉండగలను. ఒక్క మాట. దారిపొడుగునా దాన్నే నాలుక మీద తిప్పుకుంటూ వచ్చింది. అక్క కళ్ళు తన పెదాల మీదే ఉన్నాయి.

"ఉండలేను," అంది పిచ్చుక.

అక్క కళ్ళు మూసుకుంది.

"అయితే పదండి, సామాను సర్దుకోండి. ఇద్దరూ..."

"ఉండలేను పెదనాన్నా. నిన్నటి నుంచీ అక్క నాతో మాట్లాడకపోతే ముద్ద దిగలేదు. పొద్దున్న తలుపు కొట్టకపోతే లేవాలనిపించలేదు. నిజం చెప్పమన్నావు, చెప్తున్నాను. అయినా ఉంటాను." కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. "ఇక్కడ అందరూ ఉండలేకే ఉంటున్నారు. అదిగో, ఆ కెమెరా పిల్ల బాత్రూంలోకి వెళ్ళి ఏడుస్తోంది. నేనూ ఏడుస్తాను. కానీ నా తోడు కోసం అక్కను ఇక్కడ కట్టెయ్యొద్దు. నిన్న అక్క నాకక్కర్లేదన్నట్టు మాట్లాడాను, అది అబద్ధం. ఇవాళా ఆ అబద్ధమే చెప్పి తనను పంపించలేను. అక్క నాకు కావాలి. అందుకే పంపించు."

అక్క కళ్ళు తెరిచింది. నిన్నటి నుంచీ మొట్టమొదటిసారి పిచ్చుక వైపు చెల్లెలిని చూసినట్టు చూసింది. చెయ్యి చాపి తలగడ తీసుకుని తన చంకలో పెట్టుకుంది, తుడుచుకో అన్నట్టు.

పెదనాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన కోపంగా లేచి నడుస్తాడనో, గట్టిగా కేకలేస్తాడనో పిచ్చుక భయపడింది. ఆయన ఆ రెండూ చెయ్యలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గడ్డి వైపు చూస్తున్నాడు. ఆయన అలా కూర్చోవడం వాళ్ళిద్దరూ ఎప్పుడూ చూడలేదు.

"నాన్నా?" అంది అక్క. "ఏంటి నాన్నా?"

"పొద్దున్న డిపోలో ఉండగా వాళ్ళు నాకు ఫోన్ చేశారమ్మా." ఆయన గొంతు పక్కవాళ్ళకు కూడా వినపడనంత చిన్నదైపోయింది. "ఆ కాలేజీవాళ్ళు. మీ అమ్మాయి వస్తానంది, తండ్రిగా మీరు ఒప్పుకుంటున్నారా అని అడిగారు. నువ్వు వాళ్ళతో మాట్లాడావని నాకు తెలీదు. ఎవరో పొరపాటున చేశారనుకున్నాను. బండి తియ్యాల్సిన తొందర. మా అమ్మాయి రాదు, ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అనేశాను."

పిచ్చుక ఒక్కొక్కటే వెనక్కి లెక్కపెట్టుకుంది. నిన్న మెట్ల దగ్గర తను ఆ మాట అనకుండా ఉంటే అక్క ఆ కాలేజీకి వస్తాననేదే కాదు. పెదనాన్నకు ఈ ఫోనూ వచ్చేది కాదు. ఆ సీటు అక్క చేతికి అందినట్టే అంది జారిపోయేదీ కాదు. ఎటు తిప్పి చూసినా ఆ దారం కొస తన నోటి దగ్గరే ఉంది.

"ఎంతసేపయింది నాన్నా?" అంది అక్క.

"పొద్దున్న మొదటి ట్రిప్పుకి ముందు."

అక్క ఏడవలేదు. తలగడను మళ్ళీ పిచ్చుక చేతుల్లోకి తోసి, ఫోన్ తీసి ఆ కాలేజీకి కలిపి చెవి దగ్గర పెట్టుకుంది. రెండో చేత్తో పిచ్చుక మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

అవతల రింగు వెళ్తోంది. ఆ పక్కన నిలబడ్డ పిచ్చుకకు కూడా వినపడుతోంది. ఎవరూ ఎత్తడంలేదు.